శుక్రయాత్రలో పోలయ్య

శుక్రగ్రహం మీద పులుసు కాగుతుందా కాగదా అన్నదాని మీద మా ఊరు రెండుగా చీలిందంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. ఆ చీలిక మధ్య పడి నలిగింది మా ఇల్లు కాబట్టి నాకు మాత్రం నవ్వు రాదు.

కృష్ణ మీద పెద్ద ఆనకట్ట లేస్తున్న రోజులవి. మాచర్ల వైపు సిమెంటు లారీలు పోతున్నాయని చెప్పుకోవడమే గానీ నీళ్ళు మా దాకా రాలేదు. కారంపూడి అవతల, వానకు పండిన మిరప మీదే బతికే ఊరు మాది. రష్యావాడు మనిషిని ఆకాశంలోకి పంపి భూమి చుట్టూ తిప్పి దించాడని అప్పటికి రెండు మూడేళ్ళుగా వింటున్నాం. ఆ వేడి మీదే కాబోలు, రేడియోలో ‘శుక్రయాత్ర’ అని ఒక నాటకం మొదలుపెట్టారు. ఆదివారం మధ్యాహ్నం అరగంట వచ్చేది. ఒక పట్టాన తేలే నాటకం కాదు. రెండో ఏడు నడుస్తున్నా నౌక ఇంకా దారిలోనే ఉంది. ఒక వారం ఉల్కల వాన, ఒక వారం తోకచుక్క, ఇంకో వారం ఇంధనం అయిపోవడం, ఇలా ఏదో ఒకటి అడ్డం వచ్చేది. అయినా జనం ఒక్క వారం కూడా మానేవాళ్ళు కాదు.

ఊరికంతా రేడియో ఒక్కటే, పంచాయితీ ఆఫీసులో. ఆదివారం గుమాస్తా దాన్ని కిటికీలో పెట్టి, గోడ మీది మైకు హారనుకు తగిలించేవాడు. అరుగు మీద రైతులు, మెట్ల మీద చిన్నాచితకా వాళ్ళు, ప్రహరీ గోడకు అవతల మేము, అంటే క్రైస్తవ పేటవాళ్ళం. గోడ మోకాలెత్తు. దానివల్ల వినడానికి ఏమీ అడ్డం లేదు. అందుకని అది అడ్డమన్న సంగతి ఎవరికీ తట్టేది కాదు.

నౌకలో ఉన్నది ఆచార్యులవారు, ఆయన కూతురు, నౌక నడిపే కెప్టెను, ఒక వైద్యుడు, వంటకు పోలయ్య. మొదటి ఏడు పోలయ్య వేషం అంతంతమాత్రం. జారిపడేవాడు, గిన్నెలు దొర్లించేవాడు, మిగతావాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఆ మాత్రానికే మా శేషగిరిరావు మాస్టారికి ఒళ్ళు మండేది. ఊళ్ళో ఎలిమెంటరీ బడి ఆయనదే. మనిషి నక్షత్రాల దాకా వెళ్తున్న వేళ ఈ వెకిలితనం ఏమిటని ఆయన బాధ. ఆ మనిషికి సైన్సు అంటే భక్తి. గోడ అవతల కూర్చునే నాకు కూడా గ్రహాల వరస నేర్పింది ఆయనే.

మా అమ్మ ఆదెమ్మ పేటలో ఆడకూలీల ముఠాకు పెద్ద. మిరపకాయలు కల్లాల్లో ఎండాక ముచికలు, అంటే తొడిమలు, తీయడానికీ, మంచి కాయ ఒకవైపు తాలు కాయ ఒకవైపు ఏరడానికీ మనుషుల్ని కూడగట్టి తీసుకుపోయేది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అన్న కృపానందం, నేను ఆ కల్లాల్లో తుమ్ముకుంటూ పెరిగినవాళ్ళమే. సాయంత్రం పని దిగాక రైతు తలలు లెక్కపెట్టుకునేవాడు. అమ్మ రైతు పక్కన నిలబడి, ఒక్కొక్కరి భుజం తట్టి ముందుకు పంపేది. లెక్క ఎప్పుడూ ఒకటి తగ్గేది. తట్టే మనిషిని ఎవరు తడతారు? అప్పుడు అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “నన్ను గూడ లెక్కెయ్యండి సామీ” అనేది. నవ్వుతూ అనేది. నవ్వకుండా అంటే నిలదీసినట్టు ఉంటుంది, నవ్వుతూ అంటే గుర్తు చేసినట్టు ఉంటుంది. ఆ తేడా అమ్మకు బాగా తెలుసు. రైతు కూడా నవ్వేవాడు, లెక్క సరిచేసేవాడు, మర్నాడు మళ్ళీ మరిచిపోయేవాడు.

అన్న ఊళ్ళో బడి అయ్యాక మిషను బోర్డింగులో చదివాడు. క్రిస్మస్ నాటకాల్లో హేరోదు రాజు వేషం వేస్తే గుళ్ళో చంటిపిల్లలు ఏడ్చేవాళ్ళు. గొంతు అలాంటిది. ఫాదరుగారి చలవతో పట్నంలో ప్రెస్సులో చేరాడు. అక్కడి నుంచి ఎవరో చేయి పట్టుకుని రేడియో స్టేషనుకు తీసుకుపోయారట. మాతో చెప్పింది మాత్రం రేడియోలో ఏదో పని అని. తీగలు బిగించే పని కాబోలని అమ్మ అనుకునేది.

ఆ క్రిస్మస్‌కు ఇంటికి వచ్చినప్పుడు నా ఒక్కదానికి చెప్పాడు. పోలయ్య తనేనని. పర్మనెంటు చేసే దాకా ఊళ్ళో పొక్కనీయొద్దని ఒట్టు వేయించుకున్నాడు. వేసవి దాటాక ఆర్టిస్టుల్లో కొందరిని నెలజీతం మీద తీసుకుంటారట. జనం మెచ్చిన వేషాలు చూసి తీసుకుంటారట. తన వేషం జారిపడ్డమే తప్ప ఏమీ లేదని దిగులు పడ్డాడు. రాసే ఆయన మంచివాడేననీ, పోలయ్యకు ఏం మాటలు పెట్టాలో ఆయనకు తోచడం లేదనీ, నువ్వే ఏమన్నా చెప్పవయ్యా అన్నాడనీ చెప్పాడు.

పండగ మర్నాడు అమ్మ కల్లం కబుర్లు చెబుతోంది. రైతు లెక్క, తను కొంగు అడ్డం పెట్టుకోవడం, అన్నీ చేసి చూపిస్తోంది. అన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. ఇంకోసారి అను, అమా అన్నాడు. అమ్మ అన్నది. మళ్ళీ అనమన్నాడు. కొడుక్కి తన మీద ఇంత మురిపెం ఏమిటా అని అమ్మ సిగ్గుపడిపోయింది. అన్న పెదవులు ఆ మాటను అచ్చం అలాగే పలికి చూసుకోవడం నాకు కనపడింది.

సంక్రాంతి వెళ్ళిన ఆదివారం. శుక్రుడి మీద దిగే ముందు నౌకలో ప్రార్థన లాంటిది జరుగుతోంది. మానవజాతి తరఫున మనం నలుగురం ఈ కొత్త లోకంలో పాదం మోపబోతున్నామని ఆచార్యులవారు గంభీరంగా అంటున్నారు. వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. “నన్ను గూడ లెక్కెయ్యండి సామీ.”

అరుగు అరుగంతా ఒక్కసారి ఘొల్లుమంది. మిరప రైతు బ్రహ్మయ్య పై గుడ్డ ఎగరేసి నవ్వాడు. ఆయన కల్లంలోనే మేము ఎక్కువగా పనిచేసేది. ఆచార్యులవారు తర్వాత ఏమన్నారో ఎవరికీ వినపడలేదు. నేను అమ్మ వైపు చూశాను. కోపం వస్తుందేమో, తన మాట పదిమందిలో పడిందని చిన్నబుచ్చుకుంటుందేమో అనుకున్నాను. అమ్మ కొంగు మొహమంతా కప్పుకుని కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. ఇంటికి వచ్చాం. పొయ్యి దగ్గర కూర్చున్నాక అడిగింది.

“అది మనోడే గదంటే?”

నేను తల ఊపాను. అన్న పెట్టిన ఒట్టు సంగతి చెప్పాను. అమ్మ బొట్టు బొట్టుగా నవ్వింది, కన్నీళ్ళు తుడుచుకుంది. “తొమ్మిది నెలలు మోసినందుకు నా మాట మోసుకుపోయాడే” అన్నది. ఆ రాత్రి అన్నం తింటూ కూడా మధ్యలో ఆగి నవ్వుకుంది.

ఆ తర్వాత వేషం మలుపు తిరిగింది. పోలయ్య మా పల్నాటి మాట మాట్లాడటం మొదలుపెట్టాడు. కిటికీలోంచి అనంతమైన చీకటిని చూసి ఆచార్యులవారు ఒక పేజీ పొడుగున వర్ణిస్తే, “అంతా బానే ఉంది సామీ, మన పొలం ఏ మూలుంది?” అని అడిగేవాడు. శుక్రుడి మీద నేల కాలుతోందని వైద్యుడు భయపడితే, అయితే కాయలు తొందరగా ఎండుతాయి గదా అనేవాడు. అన్నీ అమ్మ మాటలే, అమ్మ మాట తీరే. గోడ అవతల కూర్చుని అమ్మ తన మాటల్ని తనే వింటూ ఉండేది.

ఊరు అప్పుడే చీలింది. మాస్టారి పక్షంవాళ్ళు కాఫీ హోటల్లో ఒక బల్ల మీద, బ్రహ్మయ్య పక్షంవాళ్ళు ఇంకో బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. మాస్టారి వాదం తీసిపారేయదగ్గది కాదు. భయపడాల్సిన చోట నవ్విస్తే, తర్వాత నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు ఎవడూ భయపడడు, కథ చచ్చిపోతుంది అనేవాడు. శుక్రుడి మీద నీళ్ళు ఆవిరైపోతాయి, అక్కడ పులుసు కాగడమేమిటి, ఈ వంటవాడి కోసం శాస్త్రాన్ని నీళ్ళలో కలుపుతున్నారు అని గొంతు చించుకునేవాడు. బ్రహ్మయ్యకు శాస్త్రంతో పని లేదు. భయంలో కూడా ఆకలి అవుద్ది గదా, ఆ సంగతి గుర్తున్నది నౌక మొత్తానికి పోలయ్యకొక్కడికే అనేవాడు. ఆ అయిదుగురిలో మనలాంటివాడు వాడొక్కడే, వాణ్ణి దించేస్తే మిగతావాళ్ళు ఏ గ్రహం మీద కాలిపోతే మనకేంది అనేవాడు. పట్టింపు ఎక్కడిదాకా పోయిందంటే, ఏళ్ళ తరబడి మాస్టారింటికి పంపుతున్న మజ్జిగ బ్రహ్మయ్య ఆపించేశాడు. మాస్టారు బ్రహ్మయ్య మనవడిని తరగతిలో పోలయ్యా అని పిలిచి కసి తీర్చుకున్నాడు. ఆ మనవడు అందుకు పొంగిపోయాడు.

నాకైతే బ్రహ్మయ్య మీద ప్రేమ పుట్టుకొచ్చింది ఆ రోజుల్లో. ఉన్నమాట చెప్పాలి. మా అన్నను అంతగా వెనకేసుకొచ్చినవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు. కారంపూడి సంతకు పోయినా, గురజాల కోర్టు పని మీద పోయినా అక్కడి బంధువుల చేత రేడియోకు కార్డులు రాయించేవాడు, పోలయ్య మాటలు ఇంకా పెంచమని. అమ్మ ఆయన కల్లంలో పని అంటే ఇంకో గంట ముందే లేచేది.

ఫిబ్రవరి చివర్లో ఒక సాయంత్రం. పని దిగింది. ఎర్రటి రాశుల పక్కన మేమంతా వరసగా నిలబడ్డాం. బ్రహ్మయ్య మంచి హుషారు మీద ఉన్నాడు. ఆ ఏడు కాయ బాగా పండింది. ఆయన తల్లి వీరరాఘవమ్మగారు కల్లం గట్టు మీద నులక మంచం వేయించుకుని కూర్చుని ఉంది. అమ్మ భుజాలు తట్టి పంపుతోంది. లెక్క అయిపోయింది, ఎప్పటిలాగే ఒకటి తక్కువ. అమ్మ నోరు తెరిచేలోపే బ్రహ్మయ్య కండువా నోటికి అడ్డం పెట్టుకుని, గొంతు మార్చి, “నన్ను గూడ లెక్కెయ్యండి సామీ” అన్నాడు. అచ్చం పోలయ్యలాగా. అందరం నవ్వాం. వీరరాఘవమ్మగారు కూడా బోసినోటితో నవ్వింది. ఈ మాట చెప్పినవాడి నోట్లో చక్కెర పొయ్యాలి అని బ్రహ్మయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

అమ్మకు అప్పుడు ఏమైందో నేను ఇప్పటికీ అర్థం చేసుకోగలను. తన మాటను ఇంకొకరు తన ముందే ఆడి చూపించి నవ్విస్తున్నారు. అది ఎవరి మాటో నాకు తప్ప అక్కడ ఒక్కరికీ తెలియదు. రోజూ వింటున్నది ఆ కల్లంలోనే అయినా తెలియదు.

“అది నా మాటేనయ్యా” అన్నది అమ్మ. “రేడియోలో చెప్పేది నా కొడుకు. మా కృపానందం.”

బ్రహ్మయ్య నవ్వు వెంటనే ఆగలేదు. ఇంకొంచెం సేపు నవ్వాడు, ఆ తర్వాత మొహం మీద నవ్వు ఉంది గానీ చప్పుడు లేదు. మీ పేటలో కృపానందమా అన్నాడు. అవునయ్యా అంది అమ్మ. ఆయన గట్టు మీది తల్లి వైపు చూశాడు. తర్వాత అమ్మను కూడా కలుపుకుని లెక్క చెప్పేశాడు. అడగకుండా ఆమెను లెక్కలో వేసింది ఆ ఒక్క సాయంత్రమే.

వీరరాఘవమ్మగారు మాత్రం మంచం మీద నుంచి, మాకు వినపడేట్టుగానే అన్నది. “ఓరి నాయనో, ఇన్నాళ్ళూ ఆ ఆచార్యులకు ఈడిచేతనా అన్నం పెట్టిచ్చింది?”

రేడియోలో ఎవరు వండుతారు, ఎవరు తింటారు? పళ్ళెం మీద చెంచా కొడితే భోజనం అయినట్టు. అది ఆవిడకు తెలియక కాదు. తెలిసీ ఆ మాట ఆవిడ లోపలి నుంచి వచ్చింది. వచ్చిన మాటను ఆవిడ దాచుకోలేదు. మిగతావాళ్ళు దాచుకున్నారు, అంతే తేడా.

మరుసటి ఆదివారం పోలయ్య మాట్లాడితే అరుగు మీద నవ్వు రాలేదు. ఒకరిద్దరు కుర్రవాళ్ళు నవ్వబోయి పెద్దవాళ్ళ మొహాలు చూసి ఊరుకున్నారు. ఆ వారంలో హోటల్లో రెండు బల్లలు ఒక్కటైపోయాయి. బ్రహ్మయ్య మాస్టారి పక్కన కూర్చుని, నిజమే పంతులూ, హాస్యం శృతి మించుతోంది అన్నాడట. గంభీరమైన కథ పలచబడిపోతోంది అన్నాడట. ఎవరూ పేట పేరు ఎత్తలేదు. మా అన్న పేరు ఎత్తలేదు. అందరూ హాస్యం గురించే మాట్లాడారు, శాస్త్రం గురించే మాట్లాడారు. ఒక్క వారంలో మా ఊరివాళ్ళందరికీ శుక్రుడి మీద ఎండ ఎంతో తెలిసిపోయింది. మాస్టారింటికి మజ్జిగ మళ్ళీ పోవడం మొదలైంది.

కార్డులు మళ్ళీ వెళ్ళాయి, ఈసారి పోలయ్యను తీసేయమని. కారంపూడి నుంచి, గురజాల నుంచి కూడా వెళ్ళాయి. బ్రహ్మయ్య బంధువులు ఒక నెలలోనే అభిప్రాయం మార్చినా స్టేషనులో అడిగేవాడెవడు?

మాస్టారు ఒకరోజు నేను నీళ్ళకు పోతుంటే దారిలో ఆపాడు. గెలిచిన మనిషిలా లేడు. గొడుగు కర్ర నేలమీద గుచ్చుతూ నిలబడ్డాడు.

“నేను మొదటి నుంచీ హాస్యం గురించే అన్నానమ్మాయ్. నీకు తెలుసుగా.”

“తెలుసు మాస్టారూ.”

“వాడు నా దగ్గర చదువుకున్నవాడే. వాడని తెలిసినా తెలియకపోయినా నా మాట ఒకటే.”

“అందుకే మీ మాటే అందరికీ పనికొచ్చింది” అన్నాను.

ఆయన గొడుగు చంకన పెట్టుకుని బడి వైపు నడిచాడు. ఆయన చేతిలో ఉన్నది సరుకున్న వాదన. దాన్ని ఊరు అరువు తెచ్చుకుని వాడుకుంది. కావాలంటే ఆయన ఆ బల్ల మీద నిలబడి, మీరు చెప్పేది నేను చెప్పింది కాదు అని ఉండొచ్చు. అనలేదు. రెండేళ్ళుగా అరుస్తున్న మనిషికి ఊరంతా తన వెంట నడవడం తీపిగానే ఉండి ఉంటుంది. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. బ్రహ్మయ్య మీద కంటే ఎక్కువ కోపం.

ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం వచ్చింది. గుడి నుంచి ఈతమట్టలు చేతపట్టుకుని అలాగే పంచాయితీ గోడ దగ్గరికి వెళ్ళాం. శుక్రుడి మీద విషపు పొగ కమ్ముకొస్తోంది. నౌక వెంటనే లేవాలి. కెప్టెను అరుస్తున్నాడు, ఆచార్యుల కూతురు ఏడుస్తోంది. తలుపు మూసేముందు ఆచార్యులవారు లెక్కపెట్టారు.

“నలుగురం ఉన్నాం. ఇక బయల్దేరుదాం.”

హారనులో కాసేపు చప్పుడు లేదు. అరుగు మీద ఎవరో అలవాటు కొద్దీ నవ్వడానికి సిద్ధపడి గొంతు సవరించుకున్నారు. అమ్మ గోడ మీదికి వంగింది. చేతిలో మట్ట గట్టిగా పట్టుకుని ఉంది. ఆ మాట రావాల్సిన చోట రాలేదు. నౌక లేచిన మోత వినిపించింది, తర్వాత సంగీతం, తర్వాత వ్యవసాయదారులకు ఎరువుల సంగతులు. పోలయ్య చచ్చిపోయాడని కూడా ఎవరూ చెప్పలేదు. వాణ్ణి వదిలేసి వెళ్ళారంతే. బ్రహ్మయ్య లేచి కండువా దులుపుకుని, ఇవతలి వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

అన్న ఈస్టరుకు వచ్చాడు. చిక్కిపోయాడు. ఆ చివరి భాగానికి అతన్ని పిలవనే లేదట. ఎందుకు పిలవలేదని అడిగితే ఆఫీసరు కార్డుల కట్ట ముందు పడేసి, మీ పల్నాడు వాళ్ళే ఇలా రాస్తుంటే మేమేం చేస్తామయ్యా అన్నాడట. అన్న వాటిలో మా ఊరి పేర్లు చూశాడు. గొడ్డు కారం వేసుకుని అన్నం కలుపుకుంటూ, ఊళ్ళో ఎవరికైనా తెలిసిందా అని నన్ను అడిగాడు.

“నేనే జెప్పానురా” అంది అమ్మ. పొయ్యి వైపు తిరిగి ఉంది. “ఆయన నా మాట నా ముందర ఆడతంటే ఉండబట్టలా.”

అన్న చేయి కంచంలో ఆగింది. తర్వాత మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు. ఫరవాలేదమా అన్నాడు. కారం బాగుందని చెప్పి ఇంకొంచెం వేయించుకున్నాడు. ఆ మాట మీద మా ఇంట్లో జరిగిన రభస అంతే. అరిచి ఉంటే బాగుండేదని అమ్మ తర్వాత చాలాసార్లు నాతో అంది.

నెలజీతం సంగతి అలా ముగిసింది. కాకపోతే భూమి నుంచి రెండో నౌక పోబోతోందనీ, అందులో కుర్ర శాస్త్రజ్ఞులు కొందరు ఉంటారనీ, వాళ్ళలో ఒక చిన్న వేషం ఇస్తామన్నారనీ చెప్పాడు. మాట మాత్రం శుభ్రంగా మార్చుకోవాలన్నారట. పల్నాటి యాస ఛాయ కూడా ఉండకూడదట. ఉన్న మూడు రోజులూ అన్న పెరట్లో నిలబడి పేపరు గట్టిగా చదివాడు. ప్రతి అక్షరం కడిగి ఆరేసినట్టు పలికేవాడు. ఎక్కడన్నా మా మాట దొర్లితే ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివేవాడు. అమ్మ చాట పట్టుకుని గుమ్మంలో కూర్చుని వినేది.

“ఎట్టా మారుద్దిరా మాట?” అంది ఒకసారి.

“మారాలమ్మా” అన్నాడు అన్న. ఆ రెండో మాటను మాత్రం అమ్మా అని పూర్తిగా, నిండుగా, పుస్తకంలో ఉన్నట్టు పలికాడు. ఇంతకుముందు అమా అనేవాడు.

వెళ్ళేటప్పుడు ఏ వేషమో ఇంకా తెలియదన్నాడు. ఆ తర్వాత ఊరికి రావడం తగ్గిపోయింది.

వానలు పడ్డాక రెండో నౌక బయల్దేరింది. అప్పటికి పంచాయితీ అరుగు సగం ఖాళీ. నాటకం చప్పబడిపోయిందని బ్రహ్మయ్యే అందరికంటే ముందు మానేశాడు. ఒకప్పుడు పోలయ్య ఉండేవాడు, ఏం నవ్వించేవాడు అని హోటల్లో అనేవాడట. ఎవరు తీయించారో మరిచిపోయినట్టే అనేవాడట. మాస్టారు మాత్రం కుర్చీ వేయించుకుని, కోరుకున్న గాంభీర్యాన్ని ఒంటరిగా వింటున్నాడు. గోడ అవతల తడి నేల మీద గోనెపట్టా పరుచుకుని మేమిద్దరం కూర్చున్నాం.

మొదట్లో పాల్గొన్నవారి పేర్లు చదివారు. ఆచార్యుల వేషం వేసినాయన పేరు, కూతురి పేరు, కెప్టెను పేరు చదివి, తదితరులు అని ఊరుకున్నారు. నౌకలో కుర్ర శాస్త్రజ్ఞులు మాట్లాడటం మొదలుపెట్టారు. ఒకడు దూరం లెక్కగట్టాడు, ఒకడు వేగం చెప్పాడు, ఒకడు భరతమాతకు నమస్కరించాడు. అందరివీ చక్కటి గొంతులు. అందరివీ ఒకే మాట. నేను చెవులు రిక్కించి విన్నాను. హేరోదు గొంతు కోసం వెతికాను, పోలయ్య గొంతు కోసం వెతికాను, పెరట్లో పేపరు చదివిన గొంతు కోసం కూడా వెతికాను. ఏదీ దొరకలేదు.

అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

“ఈళ్ళల్లో మనోడెవురే, ఫిలోమీ?”

నాకు తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ మూడోవాడమ్మా అన్నాను. అమ్మ సర్దుకుని కూర్చుంది. మూడోవాడు మాట్లాడినప్పుడల్లా తల ఊపుతోంది. పెద్ద సారు మాట్టాడినట్టుందే అంది. అందులో సంతోషం ఎంతో, ఇంకొకటి ఎంతో నాకు తెలియలేదు.

చివర్లో నౌక తలుపు మూస్తున్నారు. అందరూ వచ్చారా అని కెప్టెను అడిగాడు. అందరూ వచ్చారు, లెక్క సరిపోయింది అని మూడోవాడు చెప్పాడు. సంగీతం వచ్చింది. మాస్టారు కుర్చీలోంచి లేచి గొడుగు విప్పుకున్నాడు. అమ్మ లేవలేదు. గోడ మీద చేయి పెట్టి, హారను వైపు చూస్తూ, నవ్వకుండా అంది.

“ఇంకోతూరి లెక్కెట్టమనవే వాణ్ణి.”